బైపాస్ తర్వాత ఏ పని ఎప్పుడు: గుండె లెక్క వేరు, ఎముక లెక్క వేరు

బైపాస్, అంటే గుండెకి రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే వేరే రక్తనాళంతో పక్కదారి వేసే ఆపరేషన్, చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి సలహాలకు కొదవ ఉండదు. మూడు నెలలు మంచం దిగొద్దంటారు ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన బంధువులు. "నేను వారానికే బండి తోలాను, నీకేంటి భయం" అంటాడు గుండె రక్తనాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేయించుకున్న పక్కింటాయన. డాక్టరు గారు నడవమంటే కొడుకు కూర్చోబెడతాడు. డిశ్చార్జి కాగితం తీసి చూస్తే 'బరువులు ఎత్తరాదు' అని ఇంగ్లీషులో ఒక ముక్క ఉంటుంది. ఎన్ని కిలోలు, ఎన్నాళ్లు, మనవణ్ణి ఎత్తుకోవడం బరువు కిందికి వస్తుందా రాదా, అవేం ఉండవు.

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ గుండె ఆపరేషన్ ఇప్పుడు వింత కాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలి పనులు చేసుకునేవాళ్లకూ అందుబాటులోకి వచ్చింది. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో 2016లో ఏకంగా గుండె మార్పిడే జరిగింది. ఆపరేషన్ చేయడం మనకు బాగా వచ్చేసింది. చేశాక మనిషిని మళ్లీ తన పనిలోకి పంపించే దగ్గరే ఇంకా తడబడుతున్నాం.

ఫిజియోథెరపిస్టుగా నేను చూసే గందరగోళంలో సగానికి పైగా ఒకే చోట మొదలవుతుంది. పేషెంటుకి చెప్పే 'వద్దు'లన్నీ గుండె కోసమే అనుకుంటారు. కాదు. కొన్ని ఛాతీ ఎముక కోసం, కొన్ని గుండె కోసం, కొన్ని వేసుకునే మందుల కోసం. మొదటి మూడు నెలల్లో వినిపించే ఆంక్షల్లో చాలావరకు ఎముకవే. గుండె మాత్రం మొదటి రోజు నుంచే కదలమంటుంది. ఈ రెండిటినీ కలిపేస్తే జరిగేది ఏంటంటే, నడవాల్సిన మనిషి మంచం మీద ఉంటాడు, ఎత్తకూడని సిలిండరు మాత్రం ఎవరూ లేనప్పుడు జరిపేస్తాడు.

ఎముక సంగతి

బైపాస్‌లో గుండెను చేరడానికి ఛాతీ మధ్యలో ఉన్న ఎముకను రంపంతో నిలువునా కోస్తారు. పని అయ్యాక రెండు చెక్కల్నీ దగ్గరికి చేర్చి స్టీలు తీగలతో బిగిస్తారు. ఆ తీగలు మామూలుగా ఇక తీయరు. తర్వాతెప్పుడు ఎక్స్‌రే తీయించుకున్నా వరసగా కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. చెయ్యి విరిగితే కట్టు వేసి కదలకుండా ఉంచొచ్చు. ఛాతీకి ఆ వీలు లేదు, ఊపిరి తీసిన ప్రతిసారీ కదులుతుంది. అలా కదులుతూనే 6 నుంచి 8 వారాల్లో చాలావరకు అతుక్కుంటుంది. పూర్తిగా గట్టిపడటానికి 12 వారాల దాకా పడుతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పైన చర్మం రెండు మూడు వారాల్లోనే ఆరిపోతుంది. అద్దంలో చూసుకుని అంతా అయిపోయిందనుకుంటారు. స్లాబు మర్నాటికే గట్టిగా కనిపించినా సెంట్రింగ్ తీయం కదా, ఇదీ అంతే. షుగరు అదుపులో లేనివాళ్లకి, సిగరెట్టు మానని వాళ్లకి, బాగా లావుగా ఉన్నవాళ్లకి అతుకు ఇంకా ఆలస్యమవుతుంది, గాయంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశమూ ఎక్కువే.

ఇక బరువుల లెక్క. మొదటి 6 నుంచి 8 వారాలు మూడు నాలుగు కిలోలు దాటొద్దని చాలామంది సర్జన్లు చెబుతారు. ఇంట్లో వస్తువుల్లోకి మార్చి చూడండి. రెండు పాల ప్యాకెట్లు పర్వాలేదు. నీళ్ల క్యాను 20 కిలోలు, బియ్యం బస్తా 25. గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30 దగ్గర. ఏడాది నిండిన మనవడు తొమ్మిది పది కిలోలుంటాడు, పైగా చంకలో గింజుకుంటాడు. తాతగారు కూర్చున్నాక పిల్లాణ్ణి ఎవరైనా తెచ్చి ఒళ్లో కూర్చోబెడితే ముచ్చట తీరుతుంది, ఎముకా బాగుంటుంది.

కానీ కిలోలు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ రెండు చెక్కల్ని చెరో పక్కకి లాగే పని ఏదైనా ఇబ్బందే, చేతిలో బరువేమీ లేకపోయినా సరే. షాపు రోలింగ్ షట్టరు ఎత్తడం, స్కూటరు సెంటర్ స్టాండ్ వేయడం, సిటీ బస్సులో పైరాడ్డు పట్టుకుని వేలాడటం, బోరింగు కొట్టడం, దుప్పటి పిండటం, వీపు వెనక్కి చెయ్యి పెట్టి ఒళ్లు రుద్దుకోవడం, ఇవేవీ ఏ కాగితంలోనూ ఉండవు. రోజూ చేసేవి మాత్రం ఇవే. అలాగని చేతులు కట్టేసుకుని కూర్చోమని కాదు. ఫిజియోథెరపీలో ఈ మధ్య గట్టిగా చెబుతున్న సంగతి ఇది: మోచేతులు ఒంటికి ఆనించి ఉంచి, రెండు చేతులతో, ఛాతీకి దగ్గరగా చేసే పనులకు అంత భయపడక్కర్లేదు. చేతులు చాచి, దూరంగా, ఒంటిచేత్తో లాగే పనులకు భయపడాలి. ఒక్క గట్టి దగ్గుకే ఎముక మీద పడే ఒత్తిడి పాల ప్యాకెట్టు ఎత్తినప్పటి కన్నా చాలా ఎక్కువ. అందుకే దగ్గొచ్చినా తుమ్మొచ్చినా చిన్న దిండు గానీ మడత పెట్టిన తువ్వాలు గానీ గుండెలకు హత్తుకోమంటాం.

మంచం మీద నుంచి లేవడం దగ్గర ప్రతివారం ఒకటే సీను. డిశ్చార్జి రోజు పొద్దున పెద్దాయన వెల్లకిలా పడుకుని ఉంటాడు. లేవాలి. అలవాటుగా రెండు చేతులూ చాస్తాడు. "ఉండు నాన్నా" అంటూ కొడుకొక చెయ్యి, అల్లుడొక చెయ్యి పట్టుకుని లాగుతారు. ఆ ప్రేమంతా నేరుగా ఛాతీ అతుకు మీద పడుతుంది. చేయాల్సిందేంటంటే, మోకాళ్లు ముడుచుకుని, మొత్తం ఒళ్లు ఒక్కసారే పక్కకి తిరగాలి. కాళ్లు మంచం కిందికి వదలాలి. ఆ కాళ్ల బరువే పైభాగాన్ని లేపుతుంది, మోచేత్తో కాస్త ఆనుకుంటే చాలు. పట్టుకునేవాళ్లు వీపు వెనక చెయ్యి వేయాలే గానీ చేతులు పట్టి లాగకూడదు. రెండుసార్లు చేయిస్తే వచ్చేస్తుంది. అయినా ఇంటికెళ్లాక మళ్లీ లాగుతారు, ఎందుకంటే నేర్పించినప్పుడు గదిలో ఉన్నది అల్లుడు, ఇంట్లో ఉండేది భార్య.

నేల మీద కూర్చోవడం, బాసింపట్టు వేయడం కొన్ని వారాలు ఆపాలి. బైపాస్ దారి కోసం కాలి నుంచి రక్తనాళం తీసి ఉంటే ఆ కాలు వాస్తుంది, కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు. కూర్చున్నప్పుడు కాలు కిందికి వేలాడేయకుండా స్టూలు మీద పెట్టుకుని పాదం పైకీ కిందికీ ఆడిస్తుంటే తగ్గుతుంది. నాటు మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కమోడ్ కుర్చీ తెప్పించుకోవడం మంచి ఖర్చు. గొంతుకూర్చుని లేవడానికి గోడ పట్టుకుని లాగడం ఒక బాధ, మలబద్ధకంతో ముక్కడం ఇంకో బాధ. నొప్పి మాత్రలకీ ఐరన్ మాత్రలకీ మలబద్ధకం వస్తుంది, సిగ్గుపడకుండా డాక్టరుకి చెబితే మందు ఇస్తారు.

ఎడమ పక్క ఛాతీ మొద్దుబారినట్టు, చొక్కా తగిలితే చిమచిమలాడినట్టు ఉంటుందని చాలామంది హడలిపోతారు. బైపాస్‌కి ఛాతీ లోపలి గోడ నుంచి ఒక ధమనిని తీసి వాడతారు. తీసేటప్పుడు అక్కడి సన్నటి నరాలు దెబ్బతింటాయి. నెలల మీద తగ్గుతుంది, గుండెకీ దానికీ సంబంధం లేదు. కానీ కదిలినప్పుడు ఎముకలో టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చినా, రెండు ముక్కలు ఒరుసుకున్నట్టు అనిపించినా ఊరుకోవద్దు. అది సర్జన్ చూడాల్సిన విషయం.

గుండె సంగతి

ఎముక కోసం చేతులకి సెలవిచ్చాం, కాళ్లకి కాదు. ఇదెందుకు ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తుందంటే, మంచమే మందు అనే నమ్మకం వైద్యులే పుట్టించింది. 1940ల దాకా గుండెపోటు వచ్చినవాళ్లని నాలుగు నుంచి ఆరు వారాలు మంచానికే పరిమితం చేసేవాళ్లు. 1952లో బోస్టన్ డాక్టర్లు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ గుండెపోటు వచ్చినవాళ్లని తొందరగానే మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టిన అనుభవాన్ని ప్రచురిస్తే, అప్పట్లో అదే పెద్ద సాహసం. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చింది. ఆయన్ని చూసిన పాల్ డడ్లీ వైట్ నెమ్మదిగా లేపి తిరగనిచ్చాడు. మరుసటి ఏడాది ఆ పెద్దమనిషి ఎన్నికల్లో నిలబడి మళ్లీ గెలిచాడు. వైద్యం అలా మారి 70 ఏళ్లయింది. మన బంధువులు ఇంకా 1951లోనే ఉన్నారు.

మంచం మీద పడుకుంటే గుండెకి విశ్రాంతి దొరుకుతుందనుకుంటాం గానీ, దొరికేవి వేరు. తొడల కండ రోజుల్లోనే కరగడం మొదలవుతుంది. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగా విచ్చుకోక కఫం చేరి న్యుమోనియాకి దారి తీస్తుంది. ఊపిరి పీల్చి బంతుల్ని లేపే మూడు బంతుల స్పైరోమీటరు ఇచ్చి పంపేది ఇందుకే. ఇంటికెళ్లాక అది టీవీ పక్కన బొమ్మలా చేరుతుందని నాకు తెలుసు. మెలకువగా ఉన్న ప్రతి గంటకీ కొన్నిసార్లు పీలిస్తే దాని ఖరీదు గిట్టుబాటవుతుంది.

నడక ఎలా మొదలుపెట్టాలి? ఇంటికొచ్చిన మొదటి వారం ఒక్కోసారి 5 నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. వీధిలోకి వెళ్లక్కర్లేదు, అపార్టుమెంటు కారిడార్ చాలు. ఒంటికి పట్టేకొద్దీ రోజుకో నిమిషం, రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. చాలామంది 4 నుంచి 6 వారాలకి ఏకబిగిన అరగంట నడవగలుగుతారు. ఎంత వేగం అన్నదానికి మాటే కొలత. నడుస్తూ పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడగలిగితే సరైన వేగం. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తగ్గించాలి. స్మార్ట్‌వాచీలో నాడి చూసుకుని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట: బైపాస్ తర్వాత చాలామందికి నాడి వేగాన్ని తగ్గించే మాత్రలు ఇస్తారు. ఆ మాత్ర వేసుకున్న మనిషికి వయసును బట్టి లెక్కగట్టే నంబర్లు వర్తించవు. వాచీ కన్నా మాటను నమ్మండి.

ఇక్కడ మన ఎండ గురించి చెప్పకపోతే తప్పు. విదేశీ పుస్తకాల్లో చలిలో నడవొద్దని రాసుంటుంది. బెజవాడ మే నెలలో ఆ జాగ్రత్త ఏం చేసుకోను? 40 డిగ్రీలు దాటిన ఎండలో బీపీ మాత్ర, నీరు లాగే మాత్ర వేసుకున్న మనిషి నడిస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, పడితే ఎముక గతేంటి? వేసవిలో ఆపరేషన్ అయినవాళ్లు పొద్దున ఆరింటికే నడక ముగించాలి, లేదా ఇంట్లోనే నడవాలి. విజయవాడ ఐజీఎంసీ స్టేడియానికో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియానికో వెళ్లి పాత నడక బ్యాచ్‌తో కలవడం మంచిదే, మనసుకి హుషారు. కాకపోతే పందెం మాత్రం వద్దు. భోజనం చేసిన గంట దాకా నడవొద్దు.

మెట్ల భయం మరీ ఎక్కువ. పై అంతస్తులో కాపురం ఉన్నవాళ్లు కింద వాటా అద్దెకి వెతికిన సందర్భాలున్నాయి. డిశ్చార్జికి ముందే మేం ఒక అంతస్తు ఎక్కించి చూస్తాం. ఎక్కగలిగితేనే ఇంటికి. ఒక్కో మెట్టూ నెమ్మదిగా, రెయిలింగు పట్టుకోవాలి గానీ దాన్ని పట్టుకుని ఒంటిని పైకి లాక్కోకూడదు. ఇంద్రకీలాద్రి, మంగళగిరి మొక్కుల గురించి తప్పకుండా అడుగుతారు. రెండు కొండలకీ వాహనం వెళ్లే దారుంది. మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నవాళ్లు మూడు నెలలు నిండాక, డాక్టరు సరేనన్నాక ఆలోచించుకోవచ్చు. కృష్ణలో మునగడం గాయాలు పూర్తిగా ఆరే దాకా కుదరదు, అది గుండె కోసం కాదు, నీళ్లలోని క్రిముల కోసం. ఇంట్లో మగ్గుతో స్నానానికి మాత్రం ఇన్నాళ్లు ఆగక్కర్లేదు. సర్జన్ సరేనన్న రోజు నుంచి గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బు. గాయాన్ని రుద్దకుండా అద్దినట్టు తుడుచుకోవాలి. పసుపు, కొబ్బరినూనె, పౌడరు పూయొద్దు.

కార్డియాక్ రిహాబ్ అని, ఆపరేషన్ తర్వాత వారాల తరబడి డాక్టర్ల కనుసన్నల్లో వ్యాయామం చేయించే పద్ధతి ఉంది. గుండెజబ్బుతో మరణాలు, మళ్లీ ఆస్పత్రి పాలవడం దానివల్ల తగ్గుతాయని చాలా పరిశోధనల్లో తేలింది. మన దగ్గర అలాంటి కేంద్రాలు తక్కువ. యోగాతో ఆ లోటు పూడ్చొచ్చా అని మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన దాదాపు 4,000 మంది మీద 'యోగా-కేర్' అనే పెద్ద ట్రయల్ చేశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. యోగా చేసినవాళ్లు రోజువారీ పనుల్లోకి బాగా తిరిగొచ్చారు, తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు. మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గాయని మాత్రం గట్టిగా తేలలేదు. కాబట్టి యోగా చేయండి, దాన్ని చూసుకుని మాత్రలు ఆపకండి. చేతుల మీద బరువు మోపే ఆసనాలు, వెనక్కి వంగేవి ఎముక గట్టిపడే దాకా వద్దు.

పక్కింటాయనకి జరిగింది మీకు జరిగింది కాదు

స్టెంట్‌లో ఎముక కోయరు. మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో చిన్న రంధ్రంలోంచి తీగ పంపి చేస్తారు. అందుకే ఆయన వారానికే బండెక్కాడు. అది ధైర్యం కాదు, ఆపరేషనే వేరు. బైపాస్ అయినవాళ్లు కారు నడపడానికి 6 నుంచి 8 వారాలు, టూ వీలర్‌కి సుమారు మూడు నెలలు ఆగమంటాం. వెనక సీట్లో కూర్చున్నా గతుకులు తప్పవు కాబట్టి బండి వెనక కూడా కొన్నాళ్లు వద్దు. కారులో సీటుబెల్టు తప్పనిసరి, ఛాతీకి నొప్పిగా ఉంటే మధ్యలో తువ్వాలు మడత పెట్టుకోవచ్చు. రైల్లో అయితే లోయర్ బెర్తు. విజయవాడ జంక్షన్‌లో సూట్‌కేసు మోస్తూ వంతెన మెట్లెక్కడం మాత్రం బెర్తు సంగతి కన్నా ముందు ఆలోచించాలి.

గుండె కవాటం, అంటే వాల్వు మార్పించుకున్నవాళ్లది మరో లెక్క. ఎముక విషయంలో బైపాస్ వాళ్లతో సమానం, మందుల విషయంలో కాదు. లోహపు వాల్వు పెట్టినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ లాంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. ఏ వాల్వు అన్నదాన్ని బట్టి మామూలుగా 2 నుంచి 3, లేదా 2.5 నుంచి 3.5 మధ్య ఉండమంటారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మాత్రకు అడ్డుపడుతుంది. ఆ మాట విని గోంగూర, తోటకూర, మునగాకు మొత్తం మానేసేవాళ్లున్నారు. మానక్కర్లేదు. వారం వారం ఒకే తీరుగా తినాలి. నెలంతా ముట్టకుండా, కార్తీకమాసం వచ్చిందని రోజూ పాలకూర పప్పు తింటే ఐఎన్ఆర్ తారుమారవుతుంది. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు, ఆర్‌ఎంపీ వేసే కండ ఇంజెక్షన్లు వీళ్లకి ప్రమాదం. పన్ను తీయించుకునే ముందు వాల్వు సంగతి డెంటిస్టుకి తప్పకుండా చెప్పాలి, ముందుగా యాంటిబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది.

బైపాస్ వాళ్లు "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా మాత్రలెందుకు" అంటారు. బైపాస్ వేరే దారి వేసింది, పూడిక పెట్టే జబ్బుని తీసేయలేదు. ఛాతీ ధమనితో వేసిన దారి పదేళ్లకి కూడా నూటికి తొంభై మందిలో తెరిచే ఉంటుంది. కాలి సిరతో వేసినవి పదేళ్లకి సగం దాకా మూసుకుపోతాయి. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర ఆ రెండో లెక్క కోసమే.

వంటింటి దగ్గర

ఆడవాళ్ల విషయంలో మన సలహాలు మరీ తేలిపోతాయి. మగవాళ్లని 'ఉద్యోగానికి ఎప్పుడు' అని అడుగుతాం. ఆమెను అడగం, ఎందుకంటే ఆమె పని ఇంట్లోనే ఉంది, ఇంటికి పంపేశాం. మొదటి పది రోజులు కూతురో చెల్లెలో వచ్చి చూసుకుంటారు. వాళ్లు వెళ్లిన మర్నాడు ఆమె ఏడు లీటర్ల కుక్కరు దించుతుంది. ఎవరికీ చెప్పదు.

నేను చెప్పేది ఇదీ. కూరలు తరగడం, కూర్చుని పప్పు ఏరడం, పోపు వేయడం, బట్టలు మడత పెట్టడం రెండు మూడు వారాల్లోనే చేసుకోవచ్చు. చేస్తే మనసుకీ మంచిదే. తడి బట్టలు పిండటం, తడిగుడ్డతో ఇల్లు తుడవడం, గ్రైండరు రాయి ఎత్తడం, నీళ్లు పట్టిన బిందె మోయడం, పరుపు తిప్పడం మూడు నెలల దాకా వద్దు. కుక్కరు దించకుండానే గరిటెతో తోడుకోవచ్చు. సామాన్లు నడుము ఎత్తులో ఉన్న గట్టు మీదికి మార్చి పెట్టడం ఆమె ఇంటికి రాకముందే ఎవరైనా చేయాల్సిన పని. అటక మీద ఉన్నది అటక మీదే ఉండనివ్వండి. గాయం రాసుకుంటుందని లోదుస్తులు మానేస్తారు గానీ, రొమ్ముల బరువు గాయాన్ని రెండు పక్కలకీ లాగుతుంది. ముందు వైపు హుక్కులున్న మెత్తటి బ్రా రాత్రీ పగలూ వేసుకోవడమే మేలు. ఈ మాట మగ డాక్టరు చెప్పడు, ఆమె అడగదు. వార్డులో నర్సమ్మ చెప్పాలి.

తిండి విషయంలో ఒక్క ఉప్పు గురించే చెబుతాను. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, అందులోనే అన్నీ. మనకి కూరలో ఉప్పు తగ్గించడం సులువే, ఆవకాయ తగ్గించడం కష్టం. గుంటూరు కారం గుండెను ఏం చేస్తుందోనని అడుగుతారు. అసలు చూడాల్సింది కారం కాదు, దాంతో పాటు పచ్చట్లో పడే ఉప్పు, నూనె. మొదటి వారాల్లో ఆకలి ఉండదు, నోరు చప్పగా ఉంటుంది, అందుకే పచ్చడి మీదికి మనసు పోతుంది. నిమ్మకాయ పిండుకోండి.

పనిలోకి

కూర్చుని చేసే ఉద్యోగానికి 6 నుంచి 8 వారాలు. మొదట సగం పూట అయితే మంచిది. ఒళ్లొంచి చేసే పనికి కనీసం మూడు నెలలు. కానీ మిర్చి యార్డులో హమాలీకి ఈ లెక్క చెప్పి ఊరుకుంటే మోసం చేసినట్టే. అక్కడ ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోల పైమాట, పైగా ఘాటుకి దగ్గు. అతనికి మూడు నెలల సెలవు ఒక్కటే కాదు, కాటా దగ్గరో లెక్కల దగ్గరో వేరే పని చూడాల్సి వస్తుంది. ఆ మాట ఆపరేషన్‌కి ముందే కుటుంబంతో మాట్లాడటం మంచిది. పొలంలో మందు కొట్టే ట్యాంకు 16 లీటర్లు, దాని పట్టీలు సరిగ్గా ఛాతీ మీదే లాగుతాయి. ఆటోనగర్‌లో టైర్లు విప్పే మెకానిక్కు పానా మీద బలమంతా ఛాతీ కండతోనే పెడతాడు. మనిషి ఏం పని చేస్తాడో అడక్కుండా 'మూడు నెలలు రెస్ట్' అని రాయడం నాకు నచ్చదు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది, భార్యాభర్తల దగ్గరితనం. ఆగకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కినా ఆయాసం, ఛాతీలో నొప్పి రాకపోతే గుండె దానికి సిద్ధంగా ఉన్నట్టే. ఎముక కోసం 6 నుంచి 8 వారాలు ఆగి, ఛాతీ మీద, చేతుల మీద బరువు పడని తీరులో ఉండాలి. ఒక్కటి మాత్రం ప్రాణాంతకం: నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మాత్రలు వాడేవాళ్లు వయాగ్రా తరహా మాత్రలు వేసుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

ఊరికే ఏడుపు రావడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, పేపరు చదివినా బుర్రకెక్కకపోవడం మొదటి వారాల్లో చాలామందికి ఉంటుంది. పెద్ద మీసాలాయన కూతుర్ని చూసి కన్నీళ్లు పెట్టుకుంటే పిచ్చి పట్టిందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. సాధారణంగా అదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి, అది బలహీనత కాదు, వైద్యం ఉన్న విషయం.

చెప్పామంటే విన్నారని కాదు

డిశ్చార్జి రోజు కొడుకు బిల్లు కౌంటర్ దగ్గర ఉంటాడు. కూతురు మందుల సంచి సర్దుతుంటుంది. పేషెంటు ఎప్పుడు ఇంటికెళ్దామా అని తలుపు వైపు చూస్తుంటాడు. సరిగ్గా అప్పుడు మేం వెళ్లి ఐదు నిమిషాల్లో అన్నీ చెప్పేసి "అర్థమైందా బాబాయ్ గారూ" అంటాం. "ఆ, అర్థమైందమ్మా" అంటారు. ఆ జవాబుకి విలువ లేదు. దాని బదులు "ఇంటికెళ్లాక మంచం మీద నుంచి ఎలా లేస్తారో నాకు చేసి చూపించండి", "నీళ్ల క్యాను అయిపోయింది, ఇంట్లో ఎవరూ లేరు, ఏం చేస్తారు" అని అడిగితే ఎంత చేరిందో అప్పుడు తెలుస్తుంది. ఒకావిడ ఆ నీళ్ల క్యాను ప్రశ్నకి "ఎత్తనమ్మా, దొర్లిస్తా" అంది. దొర్లించడానికీ వంగి తోయాలని, చెంబుతో ముంచుకోవచ్చని అప్పుడు మాట్లాడుకున్నాం. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే, డిశ్చార్జికి ఒక రోజు ముందే, ఇంట్లో నిజంగా చూసుకునే మనిషిని వార్డుకి పిలిపించండి. మీ పనులన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసుకెళ్లి ఒక్కొక్కటే అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఫోన్ చేయాల్సినవి ఇవీ: జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటడం, గాయం ఎర్రబడి చీము కారడం, ఎముకలో చప్పుడు, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి రావడం, నాడి గతి తప్పినట్టు దడదడ, ఒక కాలి పిక్కలో కొత్తగా నొప్పి వాపు, రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లకి నల్లటి విరేచనం. ఇవి ఆ రోజే ఆస్పత్రికి చెప్పాలి. గాయం నొప్పి కాకుండా, ఆపరేషన్‌కి ముందు వచ్చినట్టే ఛాతీ పట్టేయడం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడటం జరిగితే ఫోన్‌లో సలహాలు అడుగుతూ కూర్చోవద్దు. 108కి చేయండి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కొడుకు బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకురావద్దు.